బదులు నిలవడ్డ మనిషి

"వదినె, వెనక చక్రంల మళ్ల మూడు స్పోకులు తెగినయి. నిజం చెప్పుండ్రి, వెనక ఎవర్ని కూసోవెట్టుకుంటున్నరు?"

భీమన్న అట్ల అడిగితే నేను నవ్విన. తుకుం బస్తీల మా దుకాణం ఉన్న గల్లి మలుపుకాడ ఆయనది సైకిల్ రిపేరు డబ్బా. నా సైకిలుకు వెనక క్యారేజి లేదు. కొన్ననాడే తీసేపిచ్చిన. ఉంటె మా ఆయన దాని మీద పప్పు మూటలు కట్టి గిరాకీల ఇండ్లకు పంపుతడని నాకు తెలుసు. "కూసోనీకి జాగ యాడుంది భీమన్నా?" అన్న. ఆయన నవ్వలె. చక్రాన్ని వేలుతోని తిప్పి చూసుకుంట, "గదే నేనూ అడుగుతున్న. ముంగటి చక్రం కొత్తగనే ఉన్నది. వెనకది ఇద్దరు మనుషులను మోసిన తీరు ఉన్నది" అన్నడు.

ఇద్దరు కాదు, చాలమంది అని ఆయనకు ఎట్ల చెప్తా?

నాకు నలభై ఏడేండ్లు. మూడేండ్ల సంది సైకిల్ తొక్కుతున్న. పొద్దుగాల నాలుగున్నరకు లేసి, నల్లా నీళ్లు పట్టి, అత్తమ్మ కాళ్లకు నూనె రాసి, మా ఆయనకు నూనె లేని కూర ఒకటి, కొడుకు శ్రేయస్ డబ్బాకు నూనె ఉన్న కూర ఒకటి వండి బయిటవడేసరికి అయిదున్నర అయితది. పద్మాపూర్ రోడ్డు మీద ఏడు కిలోమీటర్లు పోత, ఏడు కిలోమీటర్లు వస్త. బొగ్గు లారీలు పక్కపొంటి పోతుంటయి. మంచు కూడ నల్లగనే పడ్తది. ఇంటికొచ్చి మొకం కడిగితే మోరిల నీళ్లు నల్లగ పోతయి. అయినా ఆ గంటసేపు నన్ను ఎవ్వరు పిలువరు, ఎవ్వరు ఏమే అనరు, గ్లాసు యాడుందని అడుగరు. దానికోసమన్న తొక్కేదాన్ని. కానీ మొదలువెట్టింది మాత్రం బరువు తగ్గుదామనే. అన్నం బంద్ చేసిన. రాత్రికి ఒక్క జొన్నరొట్టె. దుకాణంల బెల్లం కొడ్తుంటె వేలికి అంటింది కూడ నాకలె, కొంగుకు తుడుసుకున్న. డాక్టరమ్మ రక్తం పరీక్షలన్ని చేపిచ్చి, థైరాయిడ్ లేదు, షుగర్ లేదు, నెల ఆగిపొయ్యే వయసు, ఈ వయసుల గట్లనే ఉంటది, తొక్కుడు మాత్రం ఆపకుండ్రి అన్నది. ఆపలె. జాకెట్లు వదులైనయి. దర్జీ రెండుసార్లు కుట్టు లోపలికి తీసింది. చేతి గాజులు జారి మోచేతికాడ ఆగుతున్నయి. కాంటా మీద మాత్రం నేను పెరుగుతనే ఉన్న.

కాంటా అంటె దవాఖానది కాదు, మా దుకాణంలది. మాది కిరాణం. బెల్లానికి మాకు పేరు. షట్టరు పక్కన బస్తాలు తూచే పెద్ద కాంటా ఉంటది, కింద ఇనుప పలక, పైన ఎర్రటి అంకెలు. ఆదివారం ఆదివారం నేను సైకిల్ దిగంగనే మా ఆయన బాలకిషన్ నన్ను దాని మీద నిలవెడ్తడు. దుకాణం తెరువకముందే నిలవెడ్తడు, అదే ఆయన చేసే మేలు. అంకె మాత్రం గల్లి అంత వినవడేటట్టు చదువుతడు. "ఎనభై రెండు ఆరు వందలు! పోయినవారం ఎనభై రెండు రెండు వందలు! సైకిల్ సన్నవడుతుంది గని మా సేటమ్మ సన్నవడ్తలేదు!" పాలు పోసేటాయన నవ్వుతడు. ఎదురింట్ల వాకిలి ఊడ్చే ఆమె ఊడుసుడు ఆపి చూస్తది. జాకెట్లు వదులైనయి కదా అని ఒకసారి నోరు తెరిచి అన్న. "బట్ట సాగుతదే. కాంటా సాగుతదా? కాంటా మీద బతికే ఇల్లు మనది. దానికి అబద్ధం రాదు" అన్నడు.

ఆ మాట నిజమే. కాంటా అబద్ధం చెప్తలేదు. సాస్తి లస్మయ్య దగ్గు పద్మాపూర్ రోడ్డు మీద విన్ననాడు నాకు ఆ సంగతి తెలిసింది.

జరంత వెనక్కు పోయి చెప్పాలె. సమ్మక్క జాతరకు మొక్కుకున్నోళ్లు మనిషి బరువుకు సరిగ్గ బెల్లం తూచి అమ్మవారికి ఇస్తరు. ఆ బెల్లాన్ని బంగారం అంటరు. రెండేండ్లకోసారి జాతర. ఆ నెలల మా దుకాణం ముంగట లైను కడ్తరు. రాజురా నుంచి, కోర్పణ నుంచి, బొగ్గు బాయిల కాలనీల నుంచి వస్తరు. మొక్కుకున్న మనిషి కాంటా ఎక్కుతడు, ఆ అంకెకు సరిపోను బెల్లం ముద్దలు కట్టిస్తం. మరి మనిషి మంచంల ఉంటె? నాగ్‌పూర్ దవాఖానల ఉంటె? దానికి మా అత్తమ్మ తిరుపతమ్మ ఒక పద్ధతి పెట్టింది. ఇంకో దుకాణంల ఇది ఉన్నదో లేదో నాకు తెల్వదు. రాలేనోళ్లకు బదులు మా ఇంటి ఆడమనిషి కాంటా ఎక్కుతది. మెడల పుస్తెలుండాలె. రోగం ఉన్న మనిషి పేరు పెట్టి, ఫలానోళ్ల ఎత్తు అని మూడుసార్లు అని ఎక్కాలె. అంతే. మొదట్ల అత్తమ్మ ఎక్కేది. మామ పోయినంక పుస్తెలు తీసిండ్రు, నన్ను ఎక్కిచ్చిండ్రు. పద్నాలుగేండ్లయింది, ఏడు జాతర్లయినయి. ఎంతమందికి ఎక్కిన్నో పేర్లన్ని యాదికి లేవు. మొదటిసారి ఎక్కిననాడు యాభై ఆరు ఉన్న. మా ఆయనకు ఈ పద్ధతి మస్తు ఇష్టం. నలభై కిలోల రోగిష్టోళ్లకు నేను బదులు ఎక్కితే ఎనభై కిలోల బెల్లం పోతది. అమ్మవారికి ఎక్కువ ఇస్తె ఎవలు కాదంటరు? ఇంట్ల బస్తా అని పిలిచేటోడు, జాతర నెలల మాత్రం "మా ఇంటామె చెయ్యి మంచిది, ఎవలకు నిలవడ్తె వాళ్లు లేస్తరు" అని లైన్ల చెప్పుకుంట తిరుగుతడు.

లేసిండ్రు కూడ. అదే అసలు సంగతి.

లస్మయ్య సాస్తి బొగ్గు బాయిల పనిచేసి, దుమ్ము మింగి మింగి ఊపిరి తిరుగకుంట అయిండు. నాలుగేండ్ల కింద జీపుల పండవెట్టి తెచ్చిండ్రు, కిందికి దించ చేతకాలె. నేను కాంటా మీద నిలవడి ఆయన పేరు చెప్తుంటె జీపులకెళ్లి దగ్గు వినవడేది. మూడుసార్లు దగ్గి, ఆఖరుకు సన్నగ ఈల తీరు గుంజేది. అసుంటి దగ్గు నేను ఇంకెక్కడ వినలె. పోయిన వానకాలం ఒక పొద్దున పద్మాపూర్ రోడ్డు మీద తొక్కుతుంటె అదే దగ్గు వినవడ్డది. దూరంగ కాదు. నా కుడిచెవి వెనక, జానెడు దూరంల. మూడు దగ్గులు, ఈల. సైకిల్ ఆపి చూసిన. రోడ్డు మీద పురుగు లేదు. మళ్ల తొక్కిన. చక్రం రెండు తిప్పులు తిరిగిందో లేదో, వెనక ఎవలో సర్దుకొని కూసున్నట్టు సైకిల్ కిందికి దిగింది.

నా పానం పోయిందనుకున్న. పది దినాలు బయిటికి పోలె. పదకొండో దినం, భయం ఉంటె ఇంట్ల లేదా అనుకొని మళ్ల పోయిన. ఇగ అక్కడికెళ్లి వింటనే ఉన్న. లస్మయ్య ఒక్కడే కాదు. జ్వరం మీద జ్వరం వచ్చిన పద్మాపూర్ చంటిపిల్లకు ఒకసారి నిలవడ్డ. ఆ పిల్ల బొటనవేలు చీకే చప్పుడు నా ఈపు మీద వినవడ్తది. పండ్లు లేని ఒక ముసలామె తమలపాకు నమిలే చప్పుడు, ఎత్తు మీదికి సైకిల్ తొక్కుతున్నప్పుడే వినవడ్తది. కుక్కలు నన్ను చూసి మొరుగవు. నేను దాటిపోయినంక, నా వెనక మనిషి తలకాయంత ఎత్తున చూసి మొరుగుతయి. ఒకనాడు బజార్ల లస్మయ్యే ఎదురైండు. నిటారుగ నడుస్తుండు. "సేటమ్మా, నువ్వు నిలవడ్డనాటి సంది పానం దూదిపింజ తీరు ఉన్నది. మందులు గూడ బంద్ చేసిన" అని రెండు చేతులు జోడిచ్చిండు. ఆయన వెనక నిలవడ్డ పెండ్లాం ఎండిపోయిన మొకంతోని నవ్వింది. నేను గూడ నవ్విన. ఏమంట? నీ దగ్గు నా దగ్గరున్నది, తీసుకపో అంటనా?

ఎవలకు చెప్పినా డాక్టరమ్మ మాటే అంటరు, ఈ వయసుల గట్లనే ఉంటదని. అందుకే చెప్పలె. తొక్కిన. వాళ్లను దించుదామనే తొక్కిన, ఇంకా జోరుగ తొక్కిన. ఒక్కరు దిగలె.

ఈసారి దీపావళికి మా ఆయనకు గుండెల నొప్పి వచ్చి నాగ్‌పూర్‌ల స్టెంటు వేసిండ్రు. దవాఖాన మెట్ల మీదనే అత్తమ్మ కొంగు పట్టి, నా కొడుకు ఎత్తు బంగారం ఇస్త తల్లీ అని మొక్కుకున్నది. జనవరిల బెల్లం లోడు దిగింది. ఆనాడు పగటీలి అన్నం తినుకుంట మా ఆయన చెప్పిండు, "ఈసారి బోణి మన మొక్కుతోనే. కొత్త కోడలు నిలవడ్తది."

మా కోడలు శ్రీవాణి. ఇంటికొచ్చి మూడు నెలలైంది. రాజురా పిల్ల, మరాఠీ బడిల చదివింది, తెలుగు మాట్లాడుతది గని చదువరాదు. నలభై ఆరు కిలోలుంటదేమో. "మీరే ఎక్కరాదుండ్రి? ఇంట్లనే ఉన్నరు, నడుస్తుండ్రు" అన్న. "సేట్‌ను నేను. మందిల కాంటా ఎక్కి పొట్ట చూపెట్టుకోవాల్నా?" అన్నడు. "మరి నన్ను ఏడు జాతర్లల్ల ఎక్కిచ్చిండ్రు కదా" అన్న. "నిన్ను ఎక్కిస్తె మన బెల్లం ఎనభై మూడు కిలోలు పోతదే బస్తా. పిల్లనైతే నలభై ఆరుతోని వదులుతది" అని, నవ్వి, మజ్జిగ పోయుమన్నడు. మందికైతే బరువున్న నేను. ఆయనకైతే సన్నటి కోడలు. అమ్మవారికి లెక్క రాదనుకున్నడు.

కానీ నిజం చెప్తున్న, ఆ క్షణంల నాకు ఆయన మీద కోపం రాలె. మెడ మీదికెళ్లి ఎవలో చెయ్యి తీసినట్టయింది. ఇగ నేను ఎక్కేది లేదు. తెల్లారి అత్తమ్మ కాళ్లకు నూనె రాసుకుంట అడిగిన.

"అత్తమ్మా, నువ్వు నిలవడ్డన్ని దినాలు నీకు వెనక ఎవలన్న ఉన్నట్టు ఉండేనా?"

ఆమె కండ్లు మూసుకొనే ఉన్నది. కాలు మాత్రం నా చేతుల బిగుసుకున్నది. "ఉండకేం? బాయి కాడికి పోయి నీళ్లల్లకు వంగితే నా మొకం చుట్టు ఇంకిన్ని మొకాలుండేటియి. తొంభై దాటిన నేను. మీ మామ నన్ను ఏనుగు అనేటోడు."

అది నాకు యాదికున్నది. నేను పెండ్లై వచ్చినప్పుడు ఆమె గుమ్మం నిండ ఉండేది. మామ పోయినంక ఆర్నెల్లల్ల పుల్ల అయింది. మొగడు పోయిన బాధకు చిక్కింది అనుకున్నరు అందరు.

"మరి ఎట్ల పోయిండ్రు?"

"యాడికి పోతరే. నువ్వు కాంటా ఎక్కంగనే నీ మీదికొచ్చిండ్రు."

నూనె గిన్నె పక్కకు పెట్టిన. "తెలిసే ఎక్కిచ్చినవా?"

అత్తమ్మ కండ్లు తెరిచింది. తప్పు చేసిన మనిషి చూపు లేదు. అలసిపోయిన మనిషి చూపు ఉన్నది. "మరి నేను బతకొద్దా?" అన్నది. కాలు నా చేతులకెళ్లి గుంజుకొని అన్నది, "నీకు ఇప్పుడు కోడలొచ్చింది. సైకిల్ తొక్కి తొక్కి ఏం కరిగిస్తవే పిచ్చిదానా. అది తొక్కితే పొయ్యేది కాదు. పిల్లను ఎక్కియ్యి. నువ్వు దిగు."

ఆ తర్వాత ఎనిమిది దినాలు నేను ఎసుంటి మనిషినో నాకే చెప్పరాదు. ఎవ్వరికి చెప్పుకోలేనంత సంబురమైంది. శ్రీవాణి కట్టుకోనీకి నా పెట్టెలకెళ్లి పసుపు చీర తీసిన, ఫాల్ కుట్టిన. ఆ పిల్ల నా వెనకనే తిరిగేది. నేను తింటలేనని చూసి, ఎవ్వరు లేనప్పుడు సగం పోళి, అదే గోధుమరొట్టె, నా చేతుల పెట్టి, "తినుండ్రి అత్తమ్మా, నేను తలుపుకాడ నిలవడ్త, ఎవలన్న వస్తె దగ్గుత" అనేది. ఆ సగం పోళి తిన్న. తినుకుంట, లస్మయ్య ఈ పిల్ల ఈపు మీద ఎట్ల కూసుంటడు, ఆ సన్నటి భుజాల మీద చంటిపిల్ల, ముసలామె, అత్తమ్మ నాటి మనుషులు, నా నాటి మనుషులు, అందరు ఎట్ల పడ్తరు అని ఆలోచన చేసిన. చేసి, మూతి తుడుసుకొని, చీరకు ఇస్త్రీ చేసిన.

బుధవారం పొద్దుగాల దుకాణం ముంగట నలభై మంది లైన్ల ఉండిరి. కాంటాకు పసుపు రాసి బొట్లు పెట్టిండ్రు. శ్రేయస్ డ్యూటీకి పోయిండు. అత్తమ్మ గడపల కుర్చీ ఏసుకొని కూసున్నది. మా ఆయన తెల్లచొక్క ఏసుకొని లైనుకు ఎదురుగ నిలవడ్డడు. ఇనుప పలక మీద ఎవ్వరు లేరు. ఎర్రటి అంకె మాత్రం సున్నా మీద నిలుస్తలేదు. నాలుగు, ఏడు, పదకొండు, మళ్ల నాలుగు. మా ఆయన బటన్ ఒత్తిండు. సున్నా అయింది. వేలు తియ్యంగనే మళ్ల తొమ్మిది. "గాలికి" అన్నడు. గాలి లేదు.

శ్రీవాణి పసుపు చీర కుచ్చిళ్లు పట్టుకొని వచ్చింది. కాంటా ముంగట ఆగి నా దిక్కు తిరిగింది. "అత్తమ్మా, నాకు భీతి అయితుంది. ఎందుకో తెల్వదు."

"భయమెందుకే, బస్తాలెక్కుతయి, మనిషెక్కరాదా?" అని మా ఆయన నవ్విండు. లైన్ల కొందరు నవ్విండ్రు.

ఆ పిల్ల కుడికాలు లేపింది. కాలు ఇంక పలక మీద ఆనలె. నా చెవి వెనకకెళ్లి దగ్గు జరిగింది. పక్కకొచ్చింది. ముంగటికొచ్చింది. మూడు దగ్గులు, ఈల, నాకు ఎదురుగ, ఆ పిల్ల దిక్కు నుంచి. నా భుజాలు లేసినయి. ఊపిరి కడుపు దాంక దిగింది. పద్నాలుగేండ్లల్ల అంత లోపలికి దిగలె. ఎంత హాయిగున్నదో! అప్పుడు చూసిన. గాలి లేని ఆ పొద్దున శ్రీవాణి కొంగు వెనక్కి సాగుతుంది, చిన్న చెయ్యి ఏదో పట్టుకొని పైకి ఎక్కుతున్నట్టు.

నా కాళ్లు నన్ను అడుగలె. పోయి ఆ పిల్ల రెట్ట పట్టి వెనక్కు గుంజిన. నా మీదికెళ్లి దిగవోయినోళ్లందరు ఒక్కసారే మళ్ల నా మీద పడ్డరు, మోకాళ్లు వంగినయి, అయినా ఇడువలె. "నువ్వు ఎక్కవు" అన్న. "ఇయ్యాల కాదు, ఎప్పుడు ఎక్కవు."

"ఏమే, మందిల పరువు తీస్తవా?" అని మా ఆయన పండ్లు కొరికిండు. "అయితె నువ్వు ఎక్కు."

"నేనూ ఎక్క. మొక్కు మీది, పానం మీది. మీరెక్కుండ్రి."

"పిచ్చి లేసిందా నీకు?"

లైన్లకెళ్లి ఒక రాజురా ఆమె అన్నది, "సేటమ్మ అన్నదాంట్ల తప్పేమున్నది? రాలేనోళ్లకు బదులు గని, ఎదురుంగ నిలవడ్డోనికి బదులెందుకు? సేట్‌కు పొట్ట సిగ్గా?" లైనంత నవ్వింది. ఇన్నేండ్లు నన్ను చూసి నవ్విన నవ్వే అది, ఇప్పుడు ఆయన దిక్కు తిరిగింది. ఆయన మొకం ఎర్రగైంది. "సిగ్గెందుకు? చూడుండ్రి" అని చెప్పులిడిచి ఒక్క అంగల కాంటా ఎక్కిండు. గడపలకెళ్లి అత్తమ్మ "వద్దురా కిషన్!" అని అరిచింది. అప్పటికే రెండు పాదాలు పలక మీద ఉన్నయి.

తొంభై నాలుగు మూడు వందలు. అంకె ఆగింది. ఆయన చేతులు నడుముకు పెట్టి లైను దిక్కు చూసిండు. "అయిందా?"

కాలేదు. అంకె కదిలింది. నూట ఒకటి. నూట పదిహేడు. నూట నలభై. "కాంటా ఖరాబైంది సేట్" అన్నరెవలో. నూట డెబ్బై. ఆయన నవ్వబోయి, నవ్వు నడుమ దగ్గిండు. మూడుసార్లు. ఆఖరుకు సన్నగ ఈల గుంజింది. ఆయనకు ఆ దగ్గు ముందెన్నడు లేదు. నేను నేల మీద ఉన్ననో లేదో అని మడిమెలు ఆనిచ్చి చూసుకున్న. ఉన్న. నేను ఒక్కదాన్నే ఉన్న. నా వెనక ఎవ్వరు లేరు.

ఆయన దిగబోయిండు. కాలు లేవలె. వంగి రెండు చేతులతోని మోకాలు పట్టి లేపిండు. లేవలె. నొసటి మీద చెమట బొట్లు బొట్లు కారుతుంది. నా దిక్కు చెయ్యి చాపిండు. "లతా" అన్నడు. మందిల ఆయన నన్ను పేరుతోని పిలుచుడు అదే మొదటిసారి. "లతా, జర చెయ్యియ్యి. దిగుత."

"పట్టుకోవే!" అని గడపలకెళ్లి అత్తమ్మ ఏడ్చింది. "పట్టుకోవే, నీకు అలవాటైన బరువే కదనే!"

పట్టుకుంటె ఏమైతదో నాకు తెలుసు. పట్టుకోకుంటె ఏమైతదో తెల్వదు. లైనంత నా చేతుల దిక్కే చూస్తుంది. పక్కన శ్రీవాణి నా మొకం దిక్కు చూస్తుంది, కొత్త వంట నేర్చుకునే పిల్ల గంటె దిక్కు చూసినట్టు, ఇట్లాంటప్పుడు ఆడది ఏం చేస్తదో నన్ను చూసి నేర్చుకుందామని.

నేను రెండు చేతులు వెనక్కి పెట్టుకున్న.